గ్రో లైటు కొనే ముందు వాట్లు కాదు, మొక్కకు ఎంత వెలుగు కావాలో లెక్క వేసుకోండి

కిటికీ దగ్గర పెట్టిన నారు కాడలు సన్నగా సాగిపోయి, ఆకులు పాలిపోయి, అద్దం వైపు ఒరిగిపోతున్నాయంటే దానికి వెలుగు చాలట్లేదని అర్థం. గ్రో లైటు, అంటే మొక్కలు పెంచడానికే చేసిన లైటు, కొందామనుకోవడం సరైన ఆలోచనే, చిక్కంతా వెతకడం మొదలుపెట్టాకే వస్తుంది. ఒకదాని మీద 1000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అదే పేజీలో కిందెక్కడో చిన్న అక్షరాల్లో అసలు వాడకం 100 వాట్లు అని ఉంటుంది. ఒకరు ఊదా రంగు లైటే మొక్కకు అసలైనది అంటారు, ఇంకొకరు తెల్ల లైటు ఒక్కటే సూర్యుడితో సమానం అంటారు, రివ్యూల్లో మాత్రం అన్నింటికీ ఐదు స్టార్లే.

దీనికి తోడు ఇంకో తంటా. ఇంట్లో లైట్ల కింద మొక్కలు పెంచడం గురించి నెట్‌లో దొరికే సమాచారంలో చాలా వరకు గంజాయి సాగుకు చట్టం ఒప్పుకునే దేశాల్లో ఆ పంట పెంచేవాళ్లు రాసుకున్నది. పూత దశలో అది వెలుగును విపరీతంగా వాడుకుంటుంది, వాళ్ల అంకెలు వాళ్ల పంటకు సరిపోతాయి. అవే అంకెలు తెచ్చి కొత్తిమీర కుండీకి వర్తింపజేస్తే డబ్బూ కరెంటూ వేస్టు, పైగా ఆకులు తెల్లబడతాయి. నేనిక్కడ రాసేది ఆకుకూరలు, తులసి పుదీనా లాంటి సువాసన మొక్కలు, కూరగాయల నారు, మహా అయితే నాలుగు టమాటా మిరప మొక్కలు ఇంట్లో పెంచుకునేవాళ్ల కోసం.

ఏ లైటు మంచిదని అడిగే ముందు ఏం పెంచుతారు, ఎంత జాగాలో పెంచుతారు అన్నది తేల్చుకోండి. ఈ రెండూ తెలిస్తే ఎంత లైటు కావాలో కాగితం మీదే వచ్చేస్తుంది, ఆ లెక్క చేతిలో ఉంటే ఏ ప్రకటనా మిమ్మల్ని బోల్తా కొట్టించలేదు.

ల్యూమెన్లు మన కంటి కోసం

మామూలు బల్బు పెట్టె మీద ఉండే ల్యూమెన్లు మనిషి కంటికి ఆ వెలుగు ఎంత కాంతివంతంగా కనిపిస్తుందో చెప్పే కొలత. మన కన్ను పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గరి పచ్చని వెలుగుకు బాగా స్పందిస్తుంది, ఎరుపు నీలం అంచులకు వెళ్లేకొద్దీ మందగిస్తుంది. అందుకే ముదురు ఎరుపు ఎల్‌ఈడీ ఎంత బలంగా వెలిగినా ల్యూమెన్ల లెక్కలో బక్కగా కనిపిస్తుంది, మొక్క మాత్రం దాన్ని చక్కగా వాడుకుంటుంది. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది స్థూలంగా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే వెలుగు, దీన్ని పార్ అంటారు. ఆ పరిధిలో ఎన్ని ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, ఆకు మీద పడ్డాయన్నదే మొక్కకు కావాల్సిన లెక్క.

ఫోటాన్లు లెక్కకు అందనన్ని ఉంటాయి కాబట్టి వాటిని మైక్రోమోల్స్ అనే పెద్ద కట్టల్లో చెబుతారు, పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్. మూడు పొట్టిపేర్లు తరచూ కనిపిస్తాయి, అమ్మేవాళ్లు కూడా ఒకదానికి బదులు ఇంకోటి వాడేస్తుంటారు కాబట్టి తేడా తెలిసి ఉండాలి. పీపీఎఫ్ అంటే లైటులోంచి సెకనుకు మొత్తం ఎన్ని మైక్రోమోల్స్ బయటికి వస్తున్నాయో. పీపీఎఫ్‌డీ అంటే వాటిలో ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో. డీఎల్ఐ అంటే అదే చదరపు మీటరు మీద రోజు మొత్తం మీద ఎన్ని పడ్డాయో, ఇది పెద్ద అంకె కాబట్టి మోల్స్‌లో చెబుతారు. వాన లెక్కలో చూస్తే, ఇప్పుడు ఎంత జోరుగా పడుతోందన్నది పీపీఎఫ్‌డీ, పొద్దున్నుంచి ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది డీఎల్ఐ. ఆకుకూరల్లాంటి వాటికి ముఖ్యంగా చూసుకోవాల్సింది ఈ రెండోదే. అంటే కాస్త చిన్న లైటునైనా ఎక్కువ గంటలు వెలిగించి పని జరిపించుకోవచ్చు, దానికీ ఒక హద్దుంది, అది తర్వాత చెబుతాను.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం తేలిక. పీపీఎఫ్‌డీని లైటు వెలిగే గంటలతో గుణించి, వచ్చినదాన్ని 0.0036తో గుణిస్తే డీఎల్ఐ. 200 పీపీఎఫ్‌డీ కింద 16 గంటలు ఉంచితే 11.5 మోల్స్. ఆరుబయట ఎండాకాలం మబ్బు లేని రోజున మధ్యాహ్నం పీపీఎఫ్‌డీ 2000 దాకా పోతుంది, రోజు మొత్తం 40 మోల్స్ దాటుతుంది. ఇంట్లో అంత అక్కర్లేదు, దాన్ని అందుకోవాలని ప్రయత్నించకండి కూడా.

ఏ మొక్కకు ఎంత

నీడకు అలవాటు పడిన ఆకుల మొక్కలు, అంటే మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటివి, రోజుకు 4 నుంచి 6 మోల్స్‌తో హాయిగా ఉంటాయి. వాటికోసం ప్రత్యేకంగా గ్రో లైటు కొనడం నా దృష్టిలో అనవసరం, మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు దగ్గరగా పెడితే సరిపోతుంది. నారుకు, మైక్రోగ్రీన్స్‌కు (మొలకెత్తిన కొద్ది రోజులకే కోసుకునే చిట్టి ఆకులు) 8 నుంచి 12 చాలు. ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా, సలాడ్లలో వేసే లెట్యూస్ 12 నుంచి 17 మధ్య బాగా పెరుగుతాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు గ్రీన్‌హౌస్ లెట్యూస్‌కు పెట్టుకున్న లక్ష్యం 17 మోల్స్. అంతకు మించి ఇస్తే ఆకు వేగంగా పెరుగుతుంది కానీ లోపలి లేత ఆకులకు కాల్షియం అందక వాటి అంచులు మాడతాయి, అది కూడా గాలి బాగా ఆడని చోట మరీ ఎక్కువ.

టమాటా, మిరప, కీర దోస లాంటి కాయ మొక్కల సంగతి వేరు. వీటికి 20 నుంచి 30 మోల్స్ కావాలి. 10 మోల్స్ ఇచ్చినా మొక్క బతుకుతుంది, పచ్చగానే కనిపిస్తుంది, కానీ పూత రాలిపోతుంది, కాయ పట్టదు. "మొక్క బాగానే ఉంది కానీ కాయలు లేవు" అనేవాళ్లు ఎరువు మార్చే ముందు వెలుగు లెక్క చూసుకోవాలి, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఒకే లైటు కింద టమాటా, పుదీనా రెండూ పెట్టాలనుకుంటే టమాటాకు లెక్క వేసి లైటు నడిమధ్య దాన్ని పెట్టండి, పుదీనాను అంచుకు జరపండి. అంచుల్లో వెలుగు ఎలాగూ తక్కువే పడుతుంది.

లెక్క ఇలా

60 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక అర (షెల్ఫు) అనుకుందాం. దాని వైశాల్యం 0.36 చదరపు మీటర్లు. అందులో ఆకుకూరలు పెంచాలి, 15 మోల్స్ కావాలి, లైటు 16 గంటలు వెలుగుతుంది. 15ను 16తో భాగించి, మళ్లీ 0.0036తో భాగిస్తే 260 పీపీఎఫ్‌డీ వస్తుంది. దాన్ని 0.36తో గుణిస్తే ఆకుల మీద పడాల్సింది సెకనుకు దాదాపు 94 మైక్రోమోల్స్. లైటులోంచి వచ్చినదంతా ఆకుల మీదే పడదు, పక్కలకు పోతుంది, గోడలు కొంత మింగుతాయి. చుట్టూ తెల్లని గోడలో, వెలుగును తిప్పికొట్టే షీటో ఉంటే నాలుగింట మూడొంతులు చేరుతుందనుకోవచ్చు. కాబట్టి 94ను 0.75తో భాగిస్తే 125. మీరు కొనాల్సిన లైటు పీపీఎఫ్ ఇంచుమించు ఇది.

ఇప్పుడు వాట్లకు వద్దాం. ఒక వాటు కరెంటు సెకను పాటు కాలిస్తే ఎన్ని మైక్రోమోల్స్ వస్తాయన్నదాన్ని సామర్థ్యం అంటారు, మైక్రోమోల్స్ పర్ జౌల్ అని రాస్తారు. అది 2.5 ఉన్న మంచి ఎల్‌ఈడీ అయితే 125కు 50 వాట్లు చాలు. 1.2 ఉన్న నాసిరకం లైటైతే అదే పనికి 104 వాట్లు కావాలి. రోజుకు 16 గంటల చొప్పున నెలకు మొదటిది 24 యూనిట్లు కాలుస్తుంది, రెండోది 50. తక్కువ ధరకు వచ్చిందని సంబరపడిన లైటు ఏడాది తిరిగేసరికి ఎంత తిన్నదో మీ యూనిట్ రేటు పెట్టి చూసుకోండి. అదే అరలో టమాటా పెట్టి 25 మోల్స్ కావాలంటే పీపీఎఫ్‌డీ 434 అవుతుంది, మంచి ఎల్‌ఈడీలో దాదాపు 83 వాట్లు. తెల్లటి గోడల్లేకుండా గది మధ్యలో వేలాడదీస్తే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే సగం వెలుగు గదికే పోతుంది.

కొంత ఎండ కిటికీలోంచి వచ్చే చోటైతే ఈ లెక్క తగ్గించుకోవచ్చు, కానీ కిటికీ వెలుగును మనం ఊహించుకునేదానికంటే తక్కువ అంచనా వేయండి. మన కన్ను మసక వెలుగుకు ఇట్టే సర్దుకుంటుంది, అందుకే గది వెలుతురుగా ఉందనిపిస్తుంది. కిటికీకి మీటరు దూరం జరిగితే మొక్కకు అందేది ఒక్కసారిగా పడిపోతుంది.

తెలుపా, ఊదానా

ఊదా రంగు లైట్ల వెనక ఒక కథ ఉంది. 1980ల చివర నుంచి అంతరిక్షంలో మొక్కలు పెంచడం కోసం నాసా అండతో ఎల్‌ఈడీల మీద పరిశోధనలు జరిగాయి, ఎరుపు నీలం కలిపి మొక్కలు పెంచవచ్చని వాటిలో తేలింది. క్లోరోఫిల్ ఎక్కువగా పీల్చుకునే రంగులూ అవే. దాంతో "మొక్కకు ఎరుపు, నీలం తప్ప వేరే ఏదీ అక్కర్లేదు" అనే మాట స్థిరపడిపోయింది, మార్కెట్ దాన్ని పట్టుకుంది. కానీ దానికి ఎంతో ముందే, 1972లోనే, కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు వెలుగు వేసి కొలిచి చూపించాడు: పచ్చ వెలుగును కూడా ఆకు బాగానే వాడుకుంటుంది. ఎరుపు కంటే కాస్త తక్కువ, అంతే. పైగా పచ్చ వెలుగు ఆకు లోపలి పొరల దాకా, పై ఆకులు దాటి కింది ఆకుల దాకా వెళ్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2014లో పెట్టిన వెజ్జీ అనే పెంపకం పెట్టెలో కూడా ఎరుపు, నీలంతో పాటు పచ్చ ఎల్‌ఈడీలు ఉన్నాయి, మొక్క మొక్కలా కనపడాలి కదా. ఊదా వెలుగు కింద ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. తెగులు మచ్చ ఏది, పోషకం తగ్గి పసుపెక్కిన ఆకు ఏది, పేనుబంక ఎక్కడ చేరిందన్నది తెలియదు. ఇంట్లో పెట్టుకునే లైటుకు ఇది చిన్న విషయం కాదు, మీరు దాని పక్కన కూర్చుంటారు, రోజూ దాని వెలుగులోనే ఆకులు తిప్పి చూస్తారు. కాబట్టి నా ఓటు తెల్ల లైటుకే. తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలి ఎల్‌ఈడీ మీద దాని వెలుగులో కొంత వేరే రంగుల్లోకి మార్చే ఫాస్ఫర్ పూత, దాంట్లో నీలం, పచ్చ, ఎరుపు అన్నీ ఉంటాయి. దానికి 660 నానోమీటర్ల ఎరుపు చిప్పులు (వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఈడీ ముక్కలు) కొన్ని కలిపితే సామర్థ్యం ఇంకా పెరుగుతుంది, మంచి బోర్డుల్లో మీకు కనిపించే ఎర్ర చుక్కలు అవే.

తెల్ల వెలుగు నీలం వైపు ఉందా పసుపు వైపు ఉందా చెప్పే కెల్విన్ అంకె గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. 5000 నుంచి 6500 కెల్విన్ ఉన్న చల్లటి తెలుపులో నీలం ఎక్కువ, దాని కింద మొక్క గుబురుగా పొట్టిగా పెరుగుతుంది, నారుకు బాగుంటుంది. 3000 చుట్టుపక్కల ఉన్న వెచ్చటి తెలుపులో ఎరుపు ఎక్కువ, కాండం కాస్త సాగుతుంది, పూత కాయలకు దాన్ని వాడతారు. ఒక్క లైటే కొని అన్నింటికీ వాడుకోవాలంటే 3500 లేదా 4000 తీసుకోండి, గొడవ ఉండదు. తప్పు కెల్విన్ వల్ల పోయిన మొక్కల కంటే చాలని వెలుగు వల్ల పోయినవే చాలా ఎక్కువ.

730 నానోమీటర్ల ఫార్ రెడ్ అనే చిప్పులు కొన్ని ఖరీదైన లైట్లలో ఉంటాయి. పక్క మొక్కల నీడలో ఉన్నప్పుడు మొక్కకు అందే వెలుగులో ఈ రంగు పాలు ఎక్కువ, అందుకని ఇది ఎక్కువ పడితే మొక్క తాను నీడలో ఉన్నాననుకుని కాండం సాగదీస్తుంది, ఆకు వెడల్పు చేస్తుంది. పరిమితంగా ఉంటే లెట్యూస్ లాంటి వాటికి లాభం, నారుకు మాత్రం వద్దు. మొదటి లైటుకు దీనికోసం అదనంగా డబ్బు పెట్టకండి. యూవీ స్విచ్ ఉన్నవాటి సంగతీ అంతే, పైగా యూవీ కంటికీ చర్మానికీ మంచిది కాదు.

లైట్లలో రకాలు

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు ఎల్‌ఈడీ తప్ప వేరేది చెప్పడానికి నాకు కారణం కనిపించదు, అయినా మిగతావి ఎవరైనా వాడినవి ఇస్తారేమో కాబట్టి రెండు మాటలు. టీ5 ఫ్లోరోసెంట్ ట్యూబులు నారుకు, ఆకుకూరలకు పనిచేస్తాయి, వెలుగు సమానంగా పరుస్తాయి, కానీ సామర్థ్యం మంచి ఎల్‌ఈడీలో సగం కూడా ఉండదు, ట్యూబులో పాదరసం ఉంటుంది కాబట్టి పగిలితే జాగ్రత్త. హెచ్‌పీఎస్ అనే హై ప్రెషర్ సోడియం దీపాలు గ్రీన్‌హౌసుల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలాయి, వాటిలో మంచివి జౌల్‌కు 1.7 మైక్రోమోల్స్ దాకా ఇస్తాయి, పాతవి 1 చుట్టూ. కానీ ఇవి సెగ కక్కుతాయి, బల్బు చేత్తో తాకలేనంత కాలుతుంది, కరెంటును అదుపు చేసే బలాస్ట్ విడిగా కావాలి, తక్కువ ఎత్తున్న అరలో పెట్టలేం. ఉచితంగా వచ్చినా ఇంట్లో చిన్న జాగాకు వద్దంటాను. పాత ఫిలమెంటు బల్బులైతే మొక్కల విషయంలో హీటర్లతో సమానం.

ఎల్‌ఈడీల్లో ఆకారాన్ని బట్టి నాలుగైదు రకాలు ఉన్నాయి. బోర్డు రకం అంటే ఒక పలక మీద వందల చిన్న చిప్పులు పరిచి ఉంటాయి, చిన్న చదరపు జాగాకు ఇది బాగా కుదురుతుంది. బార్ రకం అంటే విడివిడి పట్టీలు, మధ్యలో ఖాళీలు ఉంటాయి, వెలుగు అంచుల దాకా సమానంగా వెళ్తుంది, మొక్కకు దగ్గరగా వేలాడదీయవచ్చు, పొడవాటి అరలకు ఇదే మేలు. సీఓబీ అంటే ఒకే చోట ముద్దగా వెలిగే పెద్ద చిప్పు, కింద నడిమధ్య మాడ్చేసి అంచులకు వెలుగు చాలనివ్వని రకం, ఎత్తు బాగా ఉన్న చోట తప్ప వద్దు. హోల్డరుకు బిగించే గ్రో బల్బులు ఒక్క కుండీకి సరే. క్లిప్పుతో టేబుల్‌కు తగిలించే వంకర మెడ లైట్లలో చాలావరకు 10, 20 వాట్లు కూడా నిజంగా ఉండవు, మనీప్లాంట్‌కు తప్ప దేనికీ చాలవు, కానీ బొమ్మలో మాత్రం వాటికింద టమాటాలు పండి వేలాడుతుంటాయి.

వివరాల పట్టిక ఎలా చదవాలి

మొదట వెతకాల్సింది ప్లగ్గు దగ్గర నిజంగా లాగే వాట్లు. "1000 వాట్లకు సమానం" అన్న మాటను కొట్టిపారేయండి, చిప్పుల సంఖ్యను వాటి గరిష్ఠ శక్తితో గుణించి రాసుకున్న అంకె అది, లేదా ఏ పాత దీపంతోనో పోలిక. తర్వాత పీపీఎఫ్ ఎంతో చూడండి. పీపీఎఫ్‌ను వాట్లతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది, అమ్మేవాళ్లు విడిగా చెప్పిన అంకెతో అది కలవాలి. 2.5 ఉంటే మంచిది, 2.8 పైన ఉంటే చాలా మంచిది. 4 దాటి రాశారంటే అనుమానించండి. 660 నానోమీటర్ల ఎరుపు వెలుగులో కరెంటంతా ఒక్క చుక్క వృథా కాకుండా ఫోటాన్లుగా మారినా దాదాపు 5.5 కంటే రాదు, అది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, తెల్లవి కూడా కలిపిన లైటు దాని దరిదాపులకు కూడా పోలేదు. పీపీఎఫ్ అసలు రాయనివాళ్ల దగ్గర కొనకపోవడం ఉత్తమం, కొలిచి ఉంటే రాసేవాళ్లే కదా.

మూడోది పీపీఎఫ్‌డీ మ్యాప్. ఒక చదరంలో గడులు గీసి, ఫలానా ఎత్తు నుంచి ఏ గడిలో ఎంత పడుతుందో రాసి ఉంటుంది. నడిమధ్య అంకె చూసి మోసపోవద్దు, మూలల అంకెలు చూడండి. మధ్యలో 900, మూలలో 150 ఉంటే ఆ లైటు నిజానికి ప్రకటించిన జాగాలో సగానికే పనికొస్తుంది. ఎత్తు రాయని మ్యాపుకు విలువ లేదు, ఎందుకంటే లైటును కిందికి దించితే మధ్యలో ఎంత అంకైనా చూపించవచ్చు.

చిప్పు ఏ కంపెనీది, దానికి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్ ఏ కంపెనీది అని కూడా చూడవచ్చు. శాంసంగ్ వాళ్ల ఎల్ఎం301 రకం చిప్పులకు, మీన్‌వెల్ డ్రైవర్లకు మంచి పేరుంది, ఆ పేర్లు వాడుకుని నకిలీలు అమ్మేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ఎల్‌ఈడీల్లో ముందు పోయేది చిప్పు కంటే డ్రైవరే, కాబట్టి డ్రైవర్‌ను విప్పి మార్చుకునే వీలున్న లైటు తీసుకోండి, వారంటీ మూడేళ్లకు తగ్గకుండా చూసుకోండి. అమెరికాలో డీఎల్‌సీ అనే సంస్థ పరీక్షలో నెగ్గిన గ్రో లైట్ల జాబితాను నెట్‌లో ఉచితంగా పెడుతుంది. అందులో ఉన్నవి ఎక్కువగా పెద్ద గ్రీన్‌హౌసుల కోసమే, అయినా నిజాయితీగా రాసిన అంకెలు ఎలా ఉంటాయో తెలియడానికి ఒకసారి చూడటం మంచిది.

వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ తప్పనిసరి. నారుకు తగ్గించి, పెరిగేకొద్దీ పెంచుకోవచ్చు, కొలతలో కాస్త ఎక్కువ లైటు కొన్నా నష్టం ఉండదు. నిజానికి కావాల్సినదానికంటే కాస్త పెద్ద లైటు కొని 70 శాతం మీద నడపడం తెలివైన పని, చిప్పులు చల్లగా ఉంటాయి, సామర్థ్యం కాస్త పెరుగుతుంది, ఎక్కువ కాలం వస్తాయి.

ఎత్తు, ఫోనుతో కొలత

లైటు ఎంత ఎత్తులో ఉండాలన్నదానికి ఒకే సమాధానం లేదు, వెలుగును కొలిచి తెలుసుకోవాలి. బలహీనమైన ట్యూబులను 10, 15 సెంటీమీటర్ల దాకా దించవచ్చు, 100 వాట్ల బోర్డును 30 నుంచి 45 మధ్య మొదలుపెట్టవచ్చు. ఫోటాన్లను కొలిచే అసలైన క్వాంటమ్ మీటరు ఖరీదైనది, ఒక అరకోసం కొనక్కర్లేదు. ఫోనులో లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) మీటరు యాప్ వేసుకోండి, ఫోను సెన్సరు ఉన్న వైపును లైటు వైపు తిప్పి ఆకుల ఎత్తులో పట్టుకోండి. తెల్ల ఎల్‌ఈడీ కింద వచ్చిన లక్స్‌ను 70తో భాగిస్తే పీపీఎఫ్‌డీ ఇంచుమించుగా వస్తుంది. 18,000 లక్స్ అంటే దాదాపు 257, అంటే మన ఆకుకూరల అరకు సరిగ్గా కావాల్సినంత. ఎండలో అయితే 54తో భాగించాలి. ఊదా లైటు కింద ఈ పద్ధతి అస్సలు పనిచేయదు, లక్స్ మీటరు కూడా మన కంటిలాగే పచ్చను ఎక్కువ చూస్తుంది, ఎరుపు నీలాన్ని వదిలేస్తుంది.

ఫోన్ల సెన్సర్లు ఒకదానికొకటి తేడాగా చూపిస్తాయి, ఆ అంకెను దేవుడి మాటలా తీసుకోకండి. అయితే ఒకే ఫోనుతో అర మధ్యలో, నాలుగు మూలల్లో, అంచుల్లో కొలిస్తే ఎక్కడ ఎంత తేడా ఉందో మాత్రం కచ్చితంగా తెలుస్తుంది, దాన్నిబట్టి కుండీలు మార్చుకోవచ్చు. గోడలకు తెల్ల రంగు వేస్తే మూలల అంకెలు ఎంత పెరుగుతాయో కొలిచి చూడండి, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో వచ్చే అదనపు వెలుగు అదే. వంటగదిలో వాడే అల్యూమినియం రేకు కంటే మాట్ తెలుపు మేలు, ముడతలు పడ్డ రేకు వెలుగును అక్కడక్కడ ముద్దగా విసురుతుంది.

ఎన్ని గంటలు

డీఎల్ఐ మొత్తమే ముఖ్యమైతే 24 గంటలూ వెలిగించవచ్చుగా అని అడగొచ్చు. ఇందాక హద్దు ఉందన్నది ఇదే. టమాటాకు రోజంతా వెలుగు ఆపకుండా ఇస్తే ఆకులు పసుపెక్కి దెబ్బతింటాయి. ఇంకా, రాత్రి ఎంత పొడవుందో చూసి పూతకు వెళ్లే మొక్కలు చాలా ఉన్నాయి, దీన్ని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పొగాకు మీద గమనించి బయటపెట్టారు. చేమంతి, పాయిన్‌సెట్టియా లాంటివి రాత్రి పొడవుగా ఉంటేనే పూస్తాయి, 16 గంటల లైటు కింద అవి ఆకులే వేస్తూ కూర్చుంటాయి. యూరప్ పాలకూర దీనికి తిరగబడి ఉంటుంది, పగలు పొడుగైతే కాడ లేపి పూతకు పోతుంది, అప్పుడు ఆకు కోతకు పనికిరాదు. దానికి 12 గంటలు ఇచ్చి, ఆ మేరకు పీపీఎఫ్‌డీ పెంచుకోండి. మిగతా ఆకుకూరలకు, నారుకు 14 నుంచి 16 గంటలు, టమాటా మిరపకు కూడా 16 సరిపోతుంది.

టైమర్ పెట్టేయండి, చేత్తో వేసి ఆపుతాననుకుంటే ఒకరోజు మర్చిపోతారు. కరెంటు పోయి వచ్చాక సమయం గుర్తుపెట్టుకునే టైమర్ అయితే ఇంకా మంచిది.

వేడి, నీళ్లు, కరెంటు

ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందన్నది సగం నిజం. లైటు లాగిన కరెంటంతా చివరికి ఆ గదిలో వేడిగానే మారుతుంది, 100 వాట్ల లైటు 100 వాట్ల హీటరు కింద లెక్క. తేడా ఏంటంటే తక్కువ వాట్లతో అదే వెలుగు వస్తుంది, వేడి ఆకు మీద నేరుగా పడకుండా ఎక్కువగా పైకి పోతుంది. మూసిన అల్మరాలో పెడితే చిన్న ఫ్యాను తప్పదు, అది మెల్లగా తిరుగుతూ ఉంటే కాడలు కూడా గట్టిపడతాయి.

నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉంటాయి కాబట్టి ఇక్కడ కక్కుర్తి వద్దు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గే వాడండి, ఎక్స్‌టెన్షన్ బోర్డును కుండీల కంటే ఎత్తులో పెట్టండి, నేల మీద ఎప్పుడూ వద్దు. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా వదిలితే జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్లోకి పోదు. ఐపీ65 అని రాసి ఉన్న లైటుకు దుమ్ము, నీటి తుంపర భయం లేదు, అది రాయని లైటు కింద ఆకుల మీద నీళ్లు పిచికారీ చేయాలంటే ముందు ఆపేసి చేయండి. లైటును ఒక్క తాడుకు కాకుండా రెండు చోట్ల కట్టండి. వెలుగుతున్న ఎల్‌ఈడీల వైపు నేరుగా చూడకండి, పిల్లలు ఉన్న ఇంట్లో లైటు వాళ్ల కంటి ఎత్తులో లేకుండా చూసుకోండి.

మొక్క ఏం చెబుతోంది

లైటు పెట్టిన మొదటి వారం సగం మీదే నడపండి, కిటికీ వెలుగుకు అలవాటైన ఆకు ఒక్కసారిగా 500 పీపీఎఫ్‌డీ తట్టుకోలేదు. తర్వాత రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచుతూ ఆకులను చూడండి. కణుపుల మధ్య దూరం పెరిగిపోతుంటే, మొక్క లైటు వైపు సాగుతుంటే వెలుగు చాలట్లేదు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అవుతున్నా, లైటుకు దగ్గరున్న పై ఆకులు మాత్రమే తెల్లబడుతున్నా వెలుగో వేడో ఎక్కువైంది. చేతి వెనక భాగాన్ని ఆకుల ఎత్తులో అర నిమిషం ఉంచండి, సెగ తెలిస్తే వేడి సంగతి చూడండి, తెలియకపోతే డిమ్మర్ తగ్గించండి. కింది ఆకులు పసుపెక్కుతూ పైవి బాగుంటే అది ఎక్కువగా పోషకాల గొడవ, లైటును నిందించకండి.

వెలుగు పెంచితే మొక్క నీళ్లూ ఎరువూ కూడా ఎక్కువ అడుగుతుంది, అది మర్చిపోయి లైటు వచ్చాక మొక్క వాడిపోయిందనేవాళ్లు చాలామంది. ఆరు నెలలకోసారి లైటు ఆపి, చల్లారాక పొడి మెత్తటి గుడ్డతో చిప్పుల మీది దుమ్ము తుడిచి, మళ్లీ అదే ఫోనుతో అవే చోట్ల లక్స్ కొలిచి పాత అంకెల పక్కన రాసుకోండి. బాగా తగ్గినట్టు కనిపిస్తే డిమ్మర్ ఆ మేరకు పెంచండి.